పథ్యం పిల్లాడికి, పకోడీ ఇంటిల్లిపాదికీ

హన్మకొండలో పిల్లల డాక్టరు "బాబు బరువు ఎక్కువున్నాడు" అన్న సాయంత్రమే ఇంట్లో మహా సంస్కరణ మొదలవుతుంది. పదేళ్ల పిల్లాడి కంచంలో రెండు పుల్కాలు, ఇంత సొరకాయ కూర పడతాయి. పక్క కంచాల్లో బగారన్నం, కోడికూర యథాతథం. మిర్చి బజ్జీల పొట్లం విప్పుతూ నాన్న "నువ్ జూడకు బిడ్డా, నీకు మంచిది గాదు" అని హితబోధ చేస్తాడు. వారం తిరక్కుండానే పిల్లాడు ఫ్రిజ్ దగ్గర పట్టుబడతాడు. "వీనికి నోరు ఆగది" అని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్పు చెబుతారు. నేరం ఉమ్మడిది, శిక్ష మాత్రం ఒక్కడికే.

ఆ న్యాయమూర్తుల పాత రికార్డు కూడా కాస్త చూడాలి. ఏడేళ్ల కింద వాడి బూరె బుగ్గలు చూసి మురిసిపోయి దిష్టిచుక్క పెట్టింది వీళ్లే. ఒక్క ముద్ద వద్దంటే "గింత బక్కగైండేంది" అని కంగారుపడి, చేతికి ఫోనిచ్చి, వీడియో నడిచినంతసేపూ కడుపు నిండిన సంగతి వాడికి తెలియకుండా తినిపించిందీ వీళ్లే. పాలలో చక్కెర కలిసిన బలం పొడి రెండు చెంచాలు వేసిన చేతులూ ఇవే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటా లాంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' వరుసలోంచి తీసేయమని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. మన ఆహార భద్రతా చట్టంలో అలాంటి జాతే లేదట. అంగడిలో అర మారింది గానీ మన వంటింట్లో డబ్బా ఉన్నచోటనే ఉంది.

ఒక్కడికే పథ్యం పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం కొత్తగా ప్రయోగం చేయనక్కర్లేదు. లియొనార్డ్ ఎప్‌స్టీన్ అనే అమెరికన్ పరిశోధకుడు లావుగా ఉన్న పిల్లలున్న కుటుంబాలను మూడు జట్లుగా చేసి, పదేళ్ల తరవాత మళ్లీ తూచి, 1990లో ఫలితం చెప్పాడు. తిండి, వ్యాయామం గురించిన పాఠాలు అందరికీ అవే. తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి మారాలని పట్టుబట్టిన జట్టులో పిల్లల అదనపు బరువు శాతం మొదటికన్నా 7.5 పాయింట్లు తగ్గింది. పిల్లల మీదే దృష్టి పెట్టిన జట్టులో 4.5 పెరిగింది. ఎవరి బరువూ పట్టించుకోని జట్టులో 14.3 పెరిగింది. ఇజ్రాయెల్‌లో మోరియా గోలన్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒక జట్టులో పిల్లల్ని అసలు పిలవకుండా అమ్మానాన్నలనే కూర్చోబెట్టి పాఠం చెప్పింది. పిల్లలకే నేరుగా చెప్పిన జట్టు కన్నా ఇక్కడే బరువు ఎక్కువ తగ్గింది. మన దగ్గర ఇలా చేస్తే "పిల్లగానికి చూపియ్యడానికొస్తే మాకు క్లాసు పీకుతున్నడు" అని డాక్టర్నే మార్చేస్తారు.

"మా వంశమే భారీ, సార్" అనేది మొదటి అభ్యంతరం. నిజమే, ఒకే తిండి తిన్నా కొందరికి ఎక్కువ ఒళ్లు చేస్తుంది, అందులో పుట్టుక వాటా ఉంది. అయితే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో బరువు మించినవాళ్లు 2015-16లో 0.7 శాతం, 2019-21కి 3.4 శాతం. ఆ మధ్య నాలుగైదేళ్లలో ఏ వంశమూ మారలేదు, వంటిల్లు మారింది. అదే రెండో సర్వేలో మగవాళ్లలో 32.3 శాతం, ఆడవాళ్లలో 30.1 శాతం అధిక బరువు వాళ్లే. అంటే పిల్లాణ్ని బోనెక్కించిన వాళ్లలో ప్రతి ముగ్గురిలో ఒకరు తామే బరువు యంత్రం ఎక్కాలి. మిగతా ఇద్దరూ "నేను సన్నగనే ఉన్న" అని తప్పించుకోవడానికీ లేదు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు యడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన ఫొటో దిగారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన సన్నదనాన్ని అంతగా నమ్మకూడదు.

రెండో అభ్యంతరం బరువైనదే. అదే 2019-21 సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.8 శాతం ఉండాల్సిన బరువు లేనివాళ్లయితే ఈ లావు గోలేమిటని. ఆ ప్రశ్న అడిగే హక్కు అంగన్‌వాడీ ముందు గుడ్డు కోసం నిలబడ్డ తల్లికి ఉంది. నక్కలగుట్టలో పిజ్జా ఆర్డర్ పెట్టే చేతికి మాత్రం లేదు. పైగా రెండు ఇళ్లకూ కావలసింది ఒకే కంచం: పప్పు, గుడ్డు, ఆకుకూర, జొన్నరొట్టె. ఒకరికి అది అందడం లేదు, ఇంకొకరికి రుచించడం లేదు.

టైం లేదంటారు. ఉమ్మడిగా తింటే రెండు వంటలు ఒకటవుతాయి, టైం మిగులుతుంది. ఆటకు టైం లేదనే మాటలో కొంత నిజముంది, ఆ తప్పంతా ఇంటిది కాదు. అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో నడిచే బడికి మైదానం ఎక్కడినుంచి వస్తుంది? రోజుకు గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దగ్గర భద్రకాళి బండ్ మీద నాన్న నడుస్తాడు, అదే గంటలో కొడుకు ట్యూషన్‌లో కూర్చుంటాడు. బడికి 50 మీటర్లలోపు కొవ్వు, చక్కెర, ఉప్పు మితిమీరిన తిండి అమ్మకూడదని 2020లో నిబంధన వచ్చింది. సోఫాకీ ఫ్రిజ్‌కీ మధ్య దూరం గురించి ఏ నిబంధనా లేదు.

ఇక చివరి వాదన పండగది. సకినాలు లేని సంక్రాంతి ఓరుగల్లులో ఎట్ల సార్ అని. మానక్కర్లేదు, నిక్షేపంగా చేసుకోండి. ఇంటిల్లిపాదీ కూర్చుని సకినాలు చుట్టే పండగ ఏడాదికోసారి వస్తుంది, దానివల్ల ఏ పిల్లాడూ ఈ స్థితికి రాలేదు. తిథీ వారం లేకుండా రోజూ సాయంత్రం ఐదింటికి, రంగు ప్యాకెట్ కత్తిరించి టీవీ ముందు జరుపుకునే పండగ ఒకటుంది. దాన్ని ఇంట్లో ఎవరు మొదలుపెట్టారో పిల్లాణ్ని అడిగితే చెబుతాడు.