మార్చిలో పుట్టే విద్యాభిమానం

మన కంపెనీలకు సర్కారు బడుల మీద ప్రేమ ఏడాది పొడవునా ఉంటుందో లేదో గానీ, మార్చి వచ్చేసరికి మాత్రం కట్టలు తెంచుకుంటుంది. అటు పదో తరగతి పిల్లలు పరీక్షలతో కుస్తీ పడుతుంటే, ఇటు ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా సీఎస్‌ఆర్ (కార్పొరేట్ సామాజిక బాధ్యత) పద్దు తేల్చాల్సిన పెద్దమనుషులు ఫ్లెక్సీతో సహా దిగుతారు. హెడ్మాస్టారు శాలువా కప్పాలి. పిల్లలు ఎండలో నిలబడి కొత్త బ్యాగులు పైకెత్తి చూపాలి. ఆ బ్యాగు మీద కంపెనీ లోగో అరచేతి వెడల్పున ఉంటుంది, పిల్లాడి పేరు రాసుకునే చోటు వేలెడంత. దీనికి పరిశ్రమ-పాఠశాల భాగస్వామ్యమని పేరు. భాగస్వాములు ఇద్దరున్న మాట నిజమే: ఫొటో తీయించుకునేవారు ఒకరు, ఆ ఫొటోలో వెనక వరసలో నిలబడేవారు మరొకరు.

ఇదంతా దాతృత్వమని మురిసిపోయేవారు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ చదివితే బాగుంటుంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్న కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టి తీరాలి. పైగా, తమ సరుకుకు మార్కెటింగ్ లాభం కోసం స్పాన్సర్ చేసినవి ఈ లెక్కలోకి రావని 2021లో సవరించిన సీఎస్‌ఆర్ నిబంధనలు చెబుతున్నాయి. మరి బ్యాగు మీద ఆ లోగో ఎందుకంటారా? పిల్లలు దారి తప్పకుండా అయి ఉంటుంది.

అసలు కథ మంచినీళ్ల ప్లాంటు దగ్గర మొదలవుతుంది. రిబ్బను కత్తిరిస్తారు, స్టీలు గ్లాసుతో తొలి గుక్క తాగుతారు, గోడకు శిలాఫలకం బిగిస్తారు. సీఎస్‌ఆర్ సొమ్ముతో ఏర్పడిన ఆస్తిని కంపెనీ తన పేరిట ఉంచుకోకూడదు కాబట్టి ప్లాంటు బడిదవుతుంది, దాంతోపాటు ఫిల్టర్లు, మెంబ్రేను, కరెంటు బిల్లు కూడా. వంద మంది లోపు పిల్లలున్న చిన్న బడికి సమగ్ర శిక్ష కింద వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి 25,000 రూపాయలు. ముప్పై మందే ఉంటే 10,000. చాక్‌పీసుల నుంచి బాత్రూముల శుభ్రత దాకా అందులోనే సర్దుకోవాలి. ఫిల్టరు మూసుకుపోయాక పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు. శిలాఫలకానికి ఫిల్టరు అక్కర్లేదు కాబట్టి అది మాత్రం నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది.

పిల్లికి బిచ్చం పెట్టనివాళ్ల కన్నా వీళ్లు నయం కదా అనొచ్చు. నయమే. కానీ చట్టం పెట్టించిన ఖర్చుకు కృతజ్ఞత అడిగేవారిని, ఆ ఖర్చు ఎంతకాలం నిలిచిందని అడగడం తప్పు కాదు. మార్చి 31 గడువు మెడ మీద కత్తిలా వేలాడుతుంటే ఏం చేస్తామంటారు కొందరు. అదీ సాకే. మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్లు సాగే ప్రాజెక్టును ఆ సీఎస్‌ఆర్ నిబంధనలే అనుమతిస్తాయి, మిగిలిన డబ్బును దానికోసం వేరే ఖాతాలో వేసుకోవచ్చు కూడా. బడికి ఏం కావాలో తెలియదనడానికీ వీల్లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండే యాజమాన్య కమిటీ పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాలి. కేంద్ర నమూనా నిబంధనల్లో అదీ మూడేళ్లదే. అక్కడ మూడేళ్లు, ఇక్కడ మూడేళ్లు, రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి రావడమే గగనం.

ఇక స్థానిక వ్యాపారమంటే ఊరవతలి ఫ్యాక్టరీ ఒక్కటేనా? ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటివాళ్ల దగ్గర పని నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. బడి పక్కనే ఉన్న వెల్డింగ్ షాపు, సైకిల్ షాపు ఆ పనికి సరిగ్గా సరిపోతాయి. పాపం, వాళ్లకు సీఎస్‌ఆర్ విభాగం లేదు, ఫ్లెక్సీ కొట్టించే అలవాటూ లేదు, అందుకే ఏ ఒప్పందంలోనూ కనపడరు.

కాబట్టి హెడ్మాస్టార్లకు ఒక మనవి. ఈసారి ఎవరైనా ఒప్పంద పత్రంతో వస్తే శాలువా బీరువాలోనే ఉంచి, మీ ప్రణాళిక వాళ్ల చేతిలో పెట్టండి. మూడేళ్ల ఫిల్టర్ల ఖర్చు, కరెంటు బిల్లు ఎవరు కడతారో ఆ ఒప్పందంలోనే రాయించుకోండి. ఫొటోకు మూడో ఏడాది చివర పిలవండి.