పిల్లలకు తలనొప్పి నిషిద్ధం

హైదరాబాద్ మాణికేశ్వర్ నగర్‌లో, అదే వడ్డెర బస్తీలో, పిల్లలకు తలనొప్పి రాదు. రాకూడదని పెద్దలు ఎప్పుడో తీర్మానించేశారు. ఆ మాటకొస్తే తార్నాక అపార్ట్‌మెంట్లలోనూ అదే తీర్మానం అమల్లో ఉంది. వడ్డెర బస్తీ పేరే ఎందుకెత్తానంటే, అక్కడ గల్లీలు ఇరుకు. వినాయక మండపం లైటుకూ ఇంటి కిటికీకీ నడుమ ఒక్క పరదా అడ్డం.

పదేళ్ళ పిల్ల "అమ్మా, ఆ లైట్లు చూస్తే తల పగిలిపోతోంది" అనగానే ఇంట్లో పంచాయితీ కూర్చుంటుంది. "బడి ఎగ్గొట్టనీకి సాకు" అని తాత. "దిష్టి తగిలింది, ఉప్పూ మిరపకాయలూ దిగదుడువు" అని మేనత్త. "ఫోను సూసి సూసి" అని నాన్న. చందా పుస్తకంతో గుమ్మంలో నిలబడ్డ కమిటీ తమ్ముడైతే "గా మాత్రం లైటింగ్ లేకుంటే పండుగెట్లయితది వదినా, అలవాటైతది తియ్" అని తేల్చేస్తాడు. బడి, పక్కింటావిడ కళ్ళు, ఫోను అన్నీ బోనెక్కాయి. గల్లీ మొగలో టపటపా ఆరి వెలుగుతున్న స్ట్రోబ్ లైటు మాత్రం నిర్దోషి.

బడి ఈడు పిల్లల్లో సుమారు పదిమందికొకరికి మైగ్రేన్ ఉంటుంది. దాని దురదృష్టం ఏమిటంటే, పెద్దలు గుర్తుపట్టే పద్ధతిలో రాదు. ఒక పక్కనే పోటు పెట్టాలన్న నియమం లేదు, నుదురంతా పట్టేస్తుంది. కడుపులో తిప్పి వాంతవుతుంది. వెలుతురు పడదని చెప్పడం రాని చిన్నపిల్ల దిండులో మొహం దూర్చుకుంటుంది. ఒక్కోసారి రెండు గంటల్లోనే తగ్గిపోతుంది కూడా. చీకట్లో ఓ కునుకు తీసి లేచిన పిల్ల నేరుగా ఆటకు పరిగెడితే, "సూసినవా, అంత నాటకం!" అని తాత కేసు గెలిచేస్తాడు. తగ్గిన నొప్పి రాని నొప్పి కింద లెక్క. పైగా పండుగ నాడు నిద్ర ఉండదు, తిండికి వేళాపాళా ఉండదు. ఆ రెండూ మైగ్రేన్‌ను పిలిచి పీట వేసేవే. జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది గానీ, దాని ప్రహరీ పక్క నుంచి పోయినంత మాత్రాన పిల్లల కడుపు నిండదు కదా.

ఇక మెరుపులకు ఫిట్స్ రావడం అరుదే. మూర్ఛ ఉన్నవాళ్ళలో నూటికి ముగ్గురికి అటూఇటుగా ఆ ఇబ్బంది ఉంటుంది, అందులోనూ పిల్లలూ కుర్రకారే ఎక్కువ. అలాంటివాళ్ళకు రోడ్డు మీద బండి వెనక కూర్చున్నప్పుడు చెట్ల సందుల్లోంచి తళుకుమనే ఎండ కూడా చాలు. ఫిట్స్‌కు మన దగ్గర సిద్ధౌషధం ఉంది: చేతిలో తాళంచెవుల గుత్తి. బీరువాదా, బండిదా అన్న వివరం మాత్రం ఏ శాస్త్రంలోనూ లేదు. పక్కకు ఒత్తిగిల్లబెట్టి, నోట్లో ఏమీ కుక్కకుండా, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యమనే డాక్టర్లకు ఇనుము మహిమ తెలియదు, పాపం.

జపాన్ వాళ్ళు మరీ పిరికివాళ్ళు. 1997 డిసెంబరు 16న పోకెమాన్ కార్టూన్లో ఎరుపూ నీలం సెకనుకు పన్నెండుసార్ల చొప్పున మెరిశాయి, దాదాపు 700 మంది ఆస్పత్రుల పాలయ్యారు, ఎక్కువమంది పిల్లలే. అంత మాత్రానికే నాలుగు నెలలు కార్టూన్ ఆపేశారు. ఆ ఎపిసోడ్‌ని మళ్ళీ టీవీలో వేయనే లేదు. సెకనుకు మూడు మెరుపులు మించకూడదని టీవీలకు హద్దులు గీసుకున్న దేశాలున్నాయి. అలవాటైతదని చెప్పే కమిటీ తమ్ముడు వాళ్ళకు దొరకలేదు.

మనకు నిబంధనలు లేవనకండి. ఇళ్ళ మధ్య చప్పుడు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. 2024లో, ఆ ఏటి వినాయక నిమజ్జనాలు సుఖంగా ముగిశాక, మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనూ బాణసంచానూ హైదరాబాద్ పోలీసులు నిషేధించారు. చెవికి కాపలా దొరికింది. కంటి సంగతి ఎవరూ అడగలేదు. పెళ్ళి బరాత్‌లది మతం కాదు, సంబరం. వాటి షార్పీ బీమ్ లైట్లు ఏకంగా మేడ మీది పడకగదిలోకే వచ్చి శుభలేఖ ఇస్తాయి.

కమిటీ తమ్ముడూ, ఈసారి చందా రసీదు అచ్చు వేయించేటప్పుడు దాత పేరు కింద ఇంకో మూడు గడులు పెట్టించు: లైట్లు ఎన్ని, సెకనుకు మెరుపులు ఎన్ని, ఎన్నింటికి ఆర్పుతారు. మూడూ నింపి తెస్తే వదినతో నేనే చెప్పి ఇంకో ఐదొందలు ఇప్పిస్తాను.