తాళం లాగి చూసేవారి ఇన్‌బాక్సు

పదిమంది వాడే కంప్యూటరులో తన ఈమెయిలును గుట్టుగా ఉంచుకోవడం ఒక విద్య. ఊరెళ్తూ ఇంటి తాళాన్ని మూడుసార్లు లాగి చూసి, సందు చివరి దాకా వెళ్లి, అనుమానమొచ్చి వెనక్కి తిరిగి నాలుగోసారి లాగి చూసే తెలుగువారికి ఈ ఒక్క విద్య అబ్బలేదు. మెయిలు తెరుస్తారు, పని చూసుకుంటారు, లేచి వెళ్లిపోతారు. తలుపు బార్లా.

ఈ నిర్లక్ష్యానికి వంశచరిత్ర ఉంది. 1960ల తొలినాళ్లలో అమెరికాలోని ఎంఐటీలో ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునే సీటీఎస్ఎస్ అనే ఏర్పాటు వచ్చింది. ఎవరి ఫైళ్లు వారికే ఉండాలని ఫెర్నాండో కోర్బాటో బృందం పాస్‌వర్డు పెట్టింది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, వారానికి తనకిచ్చిన 4 గంటలు చాలక, పాస్‌వర్డుల ఫైలును ప్రింటు తీయమని యంత్రాన్నే అడిగాడు. అదీ తీసిచ్చింది. 1965లో అదే యంత్రం మీద ఒకరికొకరు సందేశాలు పంపుకునే మెయిల్ కమాండు వచ్చింది. మరుసటి ఏడాది రెండు ఫైళ్లు తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ ఆనాటి సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి. పురిటి వాసన పోకముందే గుట్టు రట్టయిందన్నమాట.

ఆ సంప్రదాయాన్ని నిష్ఠగా కాపాడుతున్నది నెట్ సెంటర్. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో “అన్నా, మెయిల్ ఐడీ ఒకటి చేసిపెట్టవా” అంటాడు కుర్రాడు. పాస్‌వర్డు కూడా అన్నే పెడతాడు: కుర్రాడి పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ. రేపు మర్చిపోయి వస్తాడని కౌంటర్ మీది పొడుగు నోటుబుక్కులో రాసిపెడతాడు. బ్యాంకు లాకరు తెరవాలంటే రెండు తాళంచెవులు కావాలి. ఈ నోటుబుక్కు చూడాలంటే జిరాక్స్ కోసం వచ్చి నిలబడితే చాలు.

చట్టం కూడా తనవంతు సాయం చేసింది. కేంద్రం 2011లో తెచ్చిన సైబర్ కేఫ్ నియమాల ప్రకారం లోపలి అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు మించరాదు. అడ్డుగోడలు లేనిచోట తెరలు బయటివైపుకే తిరిగి ఉండాలి. చాటుమాటు నేరాలు జరగకూడదన్నది ఉద్దేశం, మంచిదే. పక్కవాడి ర్యాంకు, వాడికి రాని సీటు, వాడి మేనమామ రాసిన మెయిలు మాత్రం వెనక వరుసలో ఉన్నవారికి ఉచితం.

పైన మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే పని అయిపోయిందనుకోవడం సర్వసాధారణమైన మూఢనమ్మకం. కిటికీ మూసినంత మాత్రాన లాగవుట్ కాదు. కుకీ అనే చిన్న గుర్తింపుచీటీ బ్రౌజరులోనే ఉండిపోతుంది. తర్వాత కూర్చున్నవాడు అదే సైటు తెరిస్తే, ఆ చీటీ చూసి సైటు పాత మనిషే వచ్చాడనుకుని లోపలికి పంపిస్తుంది. పాస్‌వర్డు దాచమంటారా అని బ్రౌజరు అడిగినప్పుడు కాదనడం మర్యాద కాదనుకునేవారి సంగతి చెప్పనక్కర్లేదు. దీనికి మందు ఇన్‌కాగ్నిటో కిటికీ. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే తెరుచుకుంటుంది. అలాంటి కిటికీలన్నీ మూసేశాక కుకీలు, చరిత్ర చెరిగిపోతాయి. దించుకున్న ఫైళ్లు పోవు. అందుకే ఏ నెట్ సెంటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిచినా మండలంలోని ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, పెళ్లి బయోడేటాలు కులమత భేదం లేకుండా కలిసిమెలిసి కనిపిస్తాయి.

ఆఫీసుల్లో రోగం వేరు, పేరు “రెండు నిమిషాల్లో వస్తా”. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో దీనికి శిక్షాస్మృతి కూడా ఉంది. తెర తెరిచి టీకి వెళ్లినవాడు తిరిగొచ్చేసరికి, రేపు అందరికీ బిర్యానీ నా ఖర్చేనని అతని పేరుతోనే టీమంతటికీ మెయిలు వెళ్లిపోయి ఉంటుంది. విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కి ఉంటే తెరకు తాళం పడేది. రెండు వేళ్ల పని. చేయనందుకు పది ప్లేట్లు.

జరిగిపోయాక చేయదగిందీ ఉంది. జీమెయిల్ అయితే ఇంటికొచ్చి గూగుల్ ఖాతా సెట్టింగుల్లో, ఏ ఏ యంత్రాల్లో ఖాతా తెరిచి ఉందో చూసి, నెట్ సెంటర్‌దాన్ని ఫోన్ నుంచే బయటికి పంపవచ్చు. పాస్‌వర్డు మార్చవచ్చు. ఇతరుల పాస్‌వర్డును మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షను కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి గనుక ఫిర్యాదూ చేయవచ్చు. అడిగి పెట్టించుకున్న పాస్‌వర్డు గురించి పోలీసులకు వివరించడం కాస్త ఇబ్బంది.

చాలామంది చూడని చోటు ఫార్వార్డింగ్. తెరిచి ఉన్న మెయిల్లో రెండు నిమిషాలు దొరికినవాడు, వచ్చే ప్రతి మెయిలూ తనకూ చేరేలా తన చిరునామా అక్కడ పెట్టిపోగలడు. ఫిల్టర్ల చాటున కూడా ఆ పని చేయగలడు. పాస్‌వర్డు మార్చినా అది చెరగదు. యజమాని కొత్త తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకుని నిశ్చింతగా పడుకుంటాడు. పెరటి కిటికీలోంచి ఉత్తరాలు బట్వాడా అవుతూనే ఉంటాయి, సెట్టింగుల్లోకి వెళ్లి ఆ చిరునామా తీసేసేదాకా.