కటాఫ్ బాబాయి

జూన్ వచ్చిందంటే బాపట్ల చుట్టుపక్కల జనం రెండింటి కోసం ఎదురుచూస్తారు. ఒకటి కాలువకు నీళ్ళు, రెండోది కటాఫ్ బాబాయి దర్శనం. నీళ్ళు ఆలస్యమైతే అవుతాయేమో గాని, బాబాయి మాత్రం ఈఏపీసెట్ ఫలితాలొచ్చిన పూటకే సిద్ధం. పిల్లాడు ఇంటర్లో ఏ గ్రూపు తీసుకున్నాడో సరిగ్గా చెప్పలేని తండ్రులు సైతం ఆ వారం ఆయన ఫోన్ నంబరు కంఠతా పట్టేస్తారు.

ఈయన ఒక మనిషనుకునేరు, కాదు, ఒక జాతి. తెనాలి రకం స్టేషను దగ్గర టీ కొట్టులో కూర్చుంటుంది. తమది ఆంధ్రా ప్యారిస్ అన్న సంగతి ఎన్నడూ మరిచిపోదు కనుక ఢిల్లీకి ఇవతలున్న ఏ కాలేజీనీ ఖాతరు చెయ్యదు. రేపల్లె రకం రొయ్యల చెరువు గట్టు మీద దొరుకుతుంది. దాని లెక్కలన్నీ పంటల్లో ఉంటాయి: “రెండు పంటలు గట్టెక్కితే మద్రాసు పక్కన యూనివర్సిటీ, మూడు గట్టెక్కితే అమెరికా, వైరస్ తగిలితే మనూళ్ళో డిగ్రీ.” బాపట్ల రకం ఆదివారం సాయంత్రాలు సూర్యలంక ఇసుకలో, చేపల వేపుడు బండి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొలువు తీరుతుంది. మనకు కావలసింది ఈ మూడో రకం.

వయసు అరవై దాటింది. తెల్ల చొక్కా, పిక్కల దాకా మడిచిన ప్యాంటు, ఒళ్ళో గుడ్డసంచీ. ఆ సంచీలో ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు కలిపి పంచే జోసా 2015లో మొదలైన నాటినుంచి ఇప్పటిదాకా రౌండ్లవారీ ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు, రబ్బరు బ్యాండ్లు వేసి ఉంటాయి. జాతకం చూపించుకోవడానికి వెళ్ళినవాళ్ళు నక్షత్రం, పాదం చెప్పినట్టు, ఈయన దగ్గరికొచ్చినవాళ్ళు ర్యాంకు, కేటగిరీ, లోకలో నాన్‌లోకలో చెప్పాలి. బాబాయి కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, “మీవాడికి కంప్యూటర్స్ యోగం లేదు. ఈసీఈలో ఉంది. మూడో రౌండులో బ్రాంచి మారే సూచన ఉంది” అంటాడు. దోషానికి పరిహారం కూడా ఉంది. దాని పేరు మేనేజ్‌మెంట్ కోటా.

ఇంతా చేసి ఆయన చదివింది బాపట్లలో బీకాం. చీరాల, రేపల్లె, నిజాంపట్నం బ్రాంచీల్లో బ్యాంకు ఉద్యోగం చేసి దిగిపోయాడు. తను సలహా ఇచ్చే పైఊళ్ళ కాలేజీల్లో ఒక్కదాని గేటు కూడా చూడలేదు. “డాక్టరు అన్ని జబ్బులూ తెచ్చుకునే వైద్యం చేస్తాడా?” అని ఆయన వాదన.

సలహా కోసం వచ్చినవాళ్ళలో బాబాయి ముందు కుర్రాడి వంక చూడడు. వాళ్ళు దిగిన బండి వంక చూస్తాడు. కారు దిగితే బిట్స్, అశోకా యూనివర్సిటీల దగ్గర మొదలుపెడతాడు. మోటారు సైకిలు దిగితే, “మన బాపట్ల ఇంజనీరింగ్ కాలేజీకేం తక్కువయ్యా, 1981 నుంచీ ఉంది!” అంటాడు. ఆటో దిగినవాళ్ళకు ముందు మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత డిప్లొమా గొప్పతనం చెబుతాడు.

ఆయన అమ్ములపొదిలో అన్నిటికంటే పదునైన అస్త్రం సత్య నాదెళ్ళ. తండ్రికి ఖర్చు పెట్టడం ఇష్టం లేదనుకోండి: “నాదెళ్ళ ఐఐటీలో చదివాడా? లేదే! మైక్రోసాఫ్ట్‌ని ఏలట్లా? కాలేజీలో ఏముందయ్యా, కుర్రాడిలో ఉండాలి.” అదే తండ్రి పెట్టాలని ముచ్చటపడుతున్నాడనుకోండి: “నాదెళ్ళ ఎక్కడ చదివాడు? మణిపాల్‌లో! అదేమన్నా సర్కారు కాలేజీయా? వాళ్ళ నాన్న ఐఏఎస్ అయ్యుండీ వెనకాడలేదు, నువ్వు పొలం ఉండీ వెనకాడతావేంది?” ఒకే మనిషి, ఒకే జీవితచరిత్ర, రెండు తీర్పులు. సుందర్ పిచాయ్‌ని మాత్రం ఒక వైపే వాడతాడు. అమెరికా వెళ్ళే విమానం టిక్కెట్టుకు వాళ్ళ నాన్నగారి ఏడాది జీతమంత అయిందన్న సంగతి చెప్పి, ఎదుటి తండ్రి కళ్ళలోకి అదోలా చూస్తాడు. ఆ చూపుకు అరెకరం కదిలిన సందర్భాలున్నాయంటారు.

ఇక లెక్కల ఘట్టం. ఒక సాయంత్రం రేపల్లె వైపునుంచి ఒక రైతు వచ్చాడు.

“బాబాయ్, పిల్లోడికి బిట్స్ హైదరాబాదులో సీటొచ్చింది. నాలుగేళ్ళకీ పాతిక లక్షలు దాటుద్దంట. పెట్టొచ్చంటావా?”

బాబాయి కుర్చీ దిగి, తడి ఇసుక దగ్గరికి నడిచి, ఎండు సరుగుడు పుల్ల తీసుకున్నాడు. ముందు 25,00,000 అని రాశాడు. “ఏడాదికి ఆరుంపావు లక్షల చొప్పున నాలుగుసార్లు లోను తీస్తావు. పది శాతం వడ్డీ అనుకో. చదువు అయ్యేదాకా, ఆ పైన ఇంకో ఏడాది నిన్ను కట్టమనరు. కట్టమనరని వడ్డీ ఆగదు. అయిదేళ్ళు తిరిగేసరికి అదొక ఎనిమిది లక్షల డెబ్భై అయిదు వేలు. మొత్తం ముప్ఫై మూడు డెబ్భై అయిదు. పదేళ్ళలో తీర్చాలంటే నెలకు నలభై నాలుగు వేల ఆరొందలు.”

బ్యాంకు గుమాస్తా లెక్క, పైసా తేడా లేదు. చిక్కల్లా ఎక్కడంటే, అసలు అంకెను బాబాయి ఎప్పుడూ ఒడ్డు వైపు రాస్తాడు, వడ్డీ అంకెను సముద్రం వైపు రాస్తాడు. రైతు వేళ్ళ మీద లెక్కబెట్టుకునేలోపు కెరటం వచ్చి ఎనిమిది లక్షల డెబ్భై అయిదు వేలనూ మాఫీ చేసి వెనక్కెళ్ళింది. మిగిలిన పాతికను చూసి రైతు కాస్త తేరుకున్నాడు. “పర్లేదు బాబాయ్, అందుకోవచ్చు.” దేశంలో చదువుల అప్పులు సగం ఇలాగే పుడతాయేమో అనిపిస్తుంది.

“తనఖా పెట్టాలా?” అన్నాడు రైతు. ఇలాంటి చోట బాబాయికి తిరుగులేదు. నాలుగు లక్షల దాకా హామీ అడగరని, ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఆస్తి చూపమంటారని, 2024 నవంబరులో కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికైన సంస్థల్లో సీటొస్తే తనఖా గాని, జామీనుదారు సంతకం గాని అక్కర్లేదని గడగడా చెప్పాడు. రైతు మొహం విప్పారింది. తనఖా లేదంటే అప్పే లేదన్నట్టు ఆయనకు వినబడింది. బాబాయి దిద్దలేదు.

ప్యాకేజీల విషయంలో ఆయనకు రెండు నాలుకలు. కాలేజీల ఫ్లెక్సీల మీద వేసే ‘సగటు జీతం’ గుట్టు విప్పడంలో ఆయనంతటి వాడు లేడు. ఇసుకలో పది చుక్కలు పెడతాడు. “తొమ్మిదిమందికి ఆరేసి లక్షలు. పదోవాడికి కోటీ ఆరు. కలిపి పదితో భాగించు. సగటు పదహారు! వరసలో మధ్యన నిలబడ్డవాడి జీతం ఎంత? ఆరే. మీవాడు మధ్యవాడా, పదోవాడా?” ఆ పదోవాడి కోటిలో కూడా షేర్లు, చేరేటప్పుడిచ్చే బోనసు, ఎప్పుడో రాబోయే గ్రాట్యుటీ అన్నీ కలిపేశారని, నెలాఖరుకి చేతికొచ్చేది వేరని వేళ్ళు మడిచి చెబుతాడు. విన్నవాళ్ళు, “అబ్బ, ఎంత విషయం ఉందండీ ఈయన దగ్గర!” అని లేస్తారు. సరిగ్గా అప్పుడే చేపల బండి అవతలి నుంచి ఎవరో తన కొడుకు గురించి అడిగితే, బాబాయి మెడ తిప్పకుండానే, “చేర్పించెయ్, అక్కడ సగటు పదహారు!” అంటాడు.

డల్లాస్‌లో ఉన్న మేనల్లుడు పంపిన రెండు పరిశోధనల కాగితాలు కూడా ఆయన జేబుల్లో ఉంటాయి. ఎడం జేబులోది 2002 నాటిది. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రాసింది. దాని సారాంశం ఏమిటంటే, పెద్ద కాలేజీలో సీటొచ్చి కూడా మామూలు కాలేజీలో చేరినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత చూస్తే దాదాపు పెద్ద కాలేజీవాళ్ళంతే సంపాదిస్తున్నారు. కుడి జేబులోది 2023లో రాజ్ చెట్టి, ఆయన సహచరులు చేసింది. హార్వర్డ్ లాంటి పన్నెండు కాలేజీల్లో చదివితే సగటు జీతం పెద్దగా పెరగదు గాని, ఆదాయంలో దేశం మొత్తానికి పైనుండే ఒక శాతంలోకి చేరే అవకాశం ఒకటిన్నర రెట్లవుతుందని దాని తాత్పర్యం. పెట్టలేనివాడికి ఎడం జేబు, పెట్టగలిగినవాడికి కుడి జేబు. ఎడం జేబు కాగితంలో అడుగున ఇంకో మాట ఉంది. పేదింటి పిల్లల విషయంలో మాత్రం పెద్ద కాలేజీ నిజంగానే సంపాదన పెంచుతుందట. మడత అక్కడే పడటంతో ఆ వాక్యం ఎవరూ చదవలేదు, బాబాయితో సహా.

అంతెందుకు, మధ్యాహ్నం ఆయన తిన్న అన్నం సాంబ మసూరి. దాని అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఊళ్ళో ఉంది, దానికి ఆనుకుని సాగిన వరి పరిశోధనలోంచి 1986లో ఈ వంగడం బయటికొచ్చి దక్షిణాది కంచాల్లోకి చేరింది. అది తిని త్రేన్చి, సూర్యలంక వచ్చి, “బాపట్లలో చదివితే ఏముంటుందయ్యా, ఎక్స్‌పోజరుండదు” అంటాడు.

అందరికీ ఇన్ని లెక్కలు చెప్పినాయన సొంత కొడుకును ఏం చేశాడన్నది పాఠకులకు రావలసిన అనుమానమే. కొడుక్కి పెద్ద కాలేజీలో సీటొచ్చిన ఏడాది బాబాయి మూడు నోటుపుస్తకాలు నింపాడు. ఫీజు కట్టే బదులు ఏడు శాతం మీద బ్యాంకులో వేస్తే పదేళ్ళలో సొమ్ము దాదాపు రెట్టింపవుతుందని తేల్చాడు. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి ప్రకటించబోతుంటే పిన్నిగారు మజ్జిగ పోస్తూ, “ఎదురింటివాళ్ళబ్బాయి అక్కడే చేరాడంట” అన్నారు. మర్నాడు పొద్దున్నే బాబాయి డీడీ తీశాడు. ఇప్పటికీ ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, “అది లెక్కల విషయం కాదయ్యా, ఇంట్లో విషయం” అంటాడు. ఆయన అన్నవాటిలో నాకు పూర్తిగా నిజమనిపించే మాట అదొక్కటే. ఆదివారాలు ఆ కుర్చీ దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో విషయం తేల్చుకునే వస్తారు. ఎదురిల్లు, తోడల్లుడు, రేపటి పెళ్ళిసంబంధం, ఇవన్నీ కలిసి ఎప్పుడో తీర్పు చెప్పేసి ఉంటాయి. దాని కింద రాసుకోవడానికి నాలుగు అంకెలు కావాలి, అంతే. బాబాయి అవి ఇచ్చి, ప్రతిఫలంగా ఒక ప్లేటు చేపల వేపుడు పుచ్చుకుంటాడు. ఫీజు మాత్రం ముట్టడు.

మొన్న సీజన్లో ఆ వేపుడు బండి ఆవిడే ఒక ప్రశ్న వేసింది. పొయ్యి మీంచి చూపు మరల్చకుండా, “బాబాయ్ గారూ, మా పిల్లకి తిరుపతి ఐఐటీలో సీటొచ్చింది” అంది. గురుకులంలో చదివిన పిల్ల. బాబాయి అలవాటుగా బండి కోసం చూశాడు. కనబడింది వేపుడు బండే. అలవాటుగా ఎడం జేబులో చెయ్యి పెట్టి, “ప్యాకేజీలు...” అని మొదలుపెట్టాడు.

“అవన్నీ తర్వాత. చేర్చే రోజు చేతిలో ఎంత ఉండాల? ఏ కాయితాలు కావాల?”

ఇన్నేళ్ళ కొలువులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సంచీలో దానికి జవాబు లేదు. బాబాయి నేల మీద చతికిలబడి ఫోన్లు మొదలుపెట్టాడు. 2016లో ఐఐటీ ట్యూషన్ ఫీజు ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలైన మాట ఆయనకు తెలుసు. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే ఆ ఫీజు మొత్తం పోతుందని, లక్ష నుంచి అయిదు లక్షల్లోపుంటే మూడింట రెండు వంతులు పోతుందని చదివిన గుర్తుంది గాని, ఎవరికీ చెప్పే అవసరం పడలేదు. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో అర్జీ పెట్టాలని, బీసీ పిల్లకు ఓబీసీ పత్రం కేంద్రం నమూనాలో, అదీ ఆ ఏడాది ఏప్రిల్ తర్వాత తీసింది కావాలని, సీటు ఖాయం చేసుకోవడానికి ముందుగా కట్టే సొమ్ము వేరే ఉంటుందని, హాస్టలూ మెస్సూ మాఫీలో రావని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. రైలు ఛార్జీ, దుప్పటి, బకెట్టు, తాళంకప్పతో సహా అన్నీ ఒక కాగితం మీద రాశాడు. ఇసుకలో కాదు, కాగితం మీద.

ఆవిడ దాన్ని నూనె చేత్తో ముట్టుకోకుండా కూతురికి చదవమని చెప్పి వింది. “ఇంతేనా! వెళ్తది” అంది. రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఆ పూట బాబాయి సంచీ విప్పలేదు. ఎడం జేబులో కాగితం తీసి, మడత విప్పి, అడుగున ఉన్న వాక్యం రెండుసార్లు చదువుకున్నాడు.

అప్పుడే గుంటూరు నుంచి పెద్ద కారొకటి వచ్చి ఆగింది. రెండు రొయ్యల కంపెనీలు, ఒక కల్యాణమండపం ఉన్న పెద్దమనిషి దిగాడు. కొడుకుని కోటిన్నర ఖర్చుతో అమెరికాలో డిగ్రీకి పంపాలా, ఇక్కడే ఎక్కడైనా చేర్చాలా అని అడిగాడు. భార్య కారులోంచే చెవులు రిక్కించింది. బాబాయి సరుగుడు పుల్ల తియ్యలేదు. నాదెళ్ళను పిలవలేదు.

“మీవాడికి పంపినా లోటు లేదు, పంపకపోయినా లోటు లేదు. ఎక్కడ చదివినా రేపు కూర్చునేది మీ కుర్చీలోనే. ముందు ప్లేటు చేపలు చెప్పండి” అన్నాడు.

పెద్దమనిషి చేపలు చెప్పలేదు. కారెక్కి తలుపేసుకుంటూ, “పాపం ముసలాయనకి మతిమరుపొచ్చినట్టుంది, ఒక్క అంకె కూడా చెప్పలేకపోయాడు” అన్నాడట భార్యతో.