ఆజాద్ గ్రహానికి ఆజాద్ వీసా

అంగారకుడి మీదికి పోవడానికి చేతిలో డబ్బు లేదని దిగులు పడకండి, అప్పిస్తారట. 2020 జనవరిలో ఈలాన్ మస్క్ ట్విటర్‌లో చెప్పిన కబురు ఇది. అక్కడ పనులు బోలెడుంటాయి, రావాలనుకున్న ప్రతివాళ్లూ రావచ్చు, లేనివాళ్లకు అప్పు దొరుకుతుంది. కాలిఫోర్నియాలో ఇది చదివినవాళ్లకు మానవజాతి భవిష్యత్తు కళ్లముందు మెరిసి ఉంటుంది. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో చదివితే మాత్రం ఏజెంటు కనిపిస్తాడు. పని ఉంది, ఫ్లైటు ఉంది, పైసలదేముంది, పోయినంక నెమ్మదిగా కట్టుకోవచ్చు.

ఈ మాటకు మన దగ్గర పాత ఖాతాలున్నాయి. 19వ శతాబ్దంలో కోరంగి రేవులోనూ మద్రాసు రేవులోనూ ఓడలెక్కి, ఐదేళ్ల ఒప్పందం మీద చెరుకు తోటలకు పోయినవాళ్లలో చాలామంది మారిషస్‌లోనే ఉండిపోయారు; వాళ్ల ముని మనవలు ఇప్పటికీ అక్కడ ఉగాది చేసుకుంటున్నారు. ఆ తర్వాత మేస్త్రీ చేతి అడ్వాన్సు పుచ్చుకుని దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు లేబర్. ఆ తర్వాత దుబాయి, మస్కట్, కువైట్. ఊరు దాటకముందే మనిషి బాకీ పడడం ఈ వ్యాపారంలో మొదటి అంకం. ఇప్పుడు ఊరి బదులు భూమి దాటాలి, అంతే తేడా.

టికెట్ ధర ఎంత? 2016లో మెక్సికోలోని గ్వాదలహారా సభలో మస్క్ పెట్టుకున్న లక్ష్యం మనిషికి రెండు లక్షల డాలర్లు. మన లెక్కలో కోటిన్నర పైమాటే. నూటికి రెండు రూపాయల మిత్తి వేసుకున్నా నెలకు మూడు లక్షలు. ప్రయాణమే ఆరు నుంచి తొమ్మిది నెలలు కాబట్టి, అక్కడ పార ముట్టకముందే వడ్డీ పద్దెనిమిది లక్షలు దాటుతుంది.

సరే, దిగారనుకుందాం. అక్కడ చట్టం ఎవరిది? 2020లో మస్క్ కంపెనీవారి స్టార్‌లింక్ ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకున్నవాళ్ల ఒప్పందంలో ఒక షరతు దూర్చారు: అంగారకుడు స్వతంత్ర గ్రహం, భూమ్మీది ఏ ప్రభుత్వానికీ అక్కడ అధికారం లేదు. ఇంటర్నెట్ బిల్లు కట్టడానికి సంతకం పెట్టినవాడు తనకు తెలియకుండానే ఒక గ్రహానికి స్వాతంత్ర్యం ఇచ్చేశాడన్నమాట. అంతరిక్షంలో ప్రైవేటు కంపెనీ చేసే పనులకు కూడా దాని దేశమే బాధ్యత వహించాలని 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం చెబుతోంది. ఏజెంట్లు ఒప్పందాలు చదవరు, సంతకాలు పెట్టిస్తారు.

గల్ఫ్‌లో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు లాక్కుంటాడు. దుర్మార్గమే. అయినా కూలీకి ఒక సందు మిగిలింది. ఒక రాత్రి క్యాంపు గోడ దూకి ఖల్లివెల్లి అయిపోవచ్చు, అంటే కాగితాల్లేకుండా పారిపోవచ్చు. పట్టుబడితే జైలు, లేకపోతే చాటుమాటు పని, ఎప్పుడో ఆమ్నెస్టీ పెడితే ఔట్‌పాస్ మీద ఇల్లు. ఎంత పెద్ద కఫీలైనా ఎడారి గాలికి యజమాని కాలేడు. అంగారకుడి మీద గాలి కూడా కంపెనీ సరుకే. బయట వాతావరణపు ఒత్తిడి మనదాంట్లో ఒక శాతం కూడా లేదు, ఉన్నదాంట్లో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. గోడ దూకినవాడికి పావు నిమిషంలో స్పృహ పోతుంది. కాబట్టి పాస్‌పోర్టు మీ దగ్గరే ఉంచుకోండి, ఎవరూ అడగరు. సమ్మె చేస్తే మేనేజ్‌మెంటు చర్చలకు కూడా రానక్కర్లేదు, ఒకాయన వాల్వు దాకా నడిచి వెళితే చాలు.

ఇంటికి ఫోన్ చేస్తే? మాట చేరడానికి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు. "తిన్నవా కొడుకా" అని అమ్మ అడిగితే, జవాబు వచ్చేసరికి ఆమె గిన్నెలు తోమి పడుకుంటుంది. రాకపోకలకు అనువైన ముహూర్తం 26 నెలలకు ఒకసారి. చెల్లి పెళ్లి దాన్ని బట్టే పెట్టుకోవాలి.

అయినా కంపెనీ గాలి తయారు చేయగలదా? 1991 సెప్టెంబరులో అరిజోనాలో బయోస్ఫియర్-2 అనే అద్దాల మేడలో ఎనిమిది మందిని రెండేళ్లకని మూసి పెట్టారు. లోపల మూడెకరాల్లో అడవి, పొలం, చిన్న సముద్రం. ఆక్సిజన్ 21 శాతం నుంచి 14 చిల్లరకు పడిపోయింది. మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేశాయి, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొత్త కాంక్రీటు పీల్చుకుంది. పుప్పొడి మోసే పురుగులు చచ్చాయి, బొద్దింకలూ చీమలూ వర్ధిల్లాయి. ఎనిమిది మందీ నలుగురు నలుగురుగా చీలి మాటలు మానేశారు. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ పంపాల్సి వచ్చింది. తలుపవతల భూమి ఉంది కాబట్టి సరిపోయింది. ఈ అనుభవంతో అంగారకుడి మీద పది లక్షల మందికి నగరం కడతామంటున్నారు మస్క్, అదీ మట్టిలో పెర్క్లోరేటు విషం ఉన్నచోట.

ఇదంతా మానవజాతికి రెండో ఇల్లు అట. గ్రహశకలం గుద్దితే ఎలా అని భయపెడతారు. 6.6 కోట్ల ఏళ్ల క్రితం గుద్దింది కదా, డైనోసార్లు పోయాయి. ఆ బూడిద చీకటిలోనూ భూమ్మీద గాలి ఉంది, నీళ్లున్నాయి, ఎలుకంత జంతువులు బతికి మన దాకా వచ్చాయి. అంగారకుడి మీద ఎంత మంచి రోజైనా ఆ రోజంత మంచిది కాదు.

శాశ్వత నివాసం అంటే పిల్లలు పుట్టాలి. మనిషి బిడ్డ ఒక్కడూ ఇంతవరకు భూమి బయట పుట్టలేదు. మన బరువులో 38 శాతమే తూగేచోట ఎముకలు ఎలా ఎదుగుతాయో చెప్పగల డాక్టరు లేడు. ఆ బిడ్డ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు, అప్పులో మాత్రం పుడతాడు.

పరిశోధనకు వెళ్లొస్తామంటే కాదనను. అంటార్కిటికాలో మైత్రి, భారతి కేంద్రాల్లో మనవాళ్లు పనిచేసి తిరిగొస్తున్నారు. అంగారకుడితో పోలిస్తే అది స్వర్గం, కనీసం ఊపిరి ఉచితం. అయినా అక్కడ పది లక్షల మందితో కాపురం పెట్టిస్తామని ఎవరూ బయల్దేరలేదు.

2013లో మార్స్ వన్ అనే డచ్చి సంస్థ తిరుగు టికెట్ లేని ప్రయాణానికి జనం దగ్గర దరఖాస్తు ఫీజులు తీసుకుంది. ఎంపిక జాబితాలో మనదేశంవాళ్లూ ఉన్నారు. 2019లో దివాలా తీసింది. ఇక మస్క్ 2022లో సరుకు, 2024లో మనుషులు అని 2017లో చెప్పారు. రెండు ముహూర్తాలూ దాటిపోయాయి. ఇలాంటి తేదీలు నమ్మి సూట్‌కేసు సర్దుకుని కూర్చున్న కుర్రాళ్లు నిజామాబాదు వైపు కావలసినంత మంది.

అంగారకుడి మీదే చనిపోవాలని ఉంది, దిగేటప్పుడు గుద్దుకుని మాత్రం కాదు అని మస్క్ ఒకప్పుడు అన్నారు. నిండు నూరేళ్లూ బతికి ఆ ముచ్చట తీర్చుకోనివ్వండి. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేవాడు మాత్రం రెండు మూడు సంగతులు ముందే తేల్చుకోవాలి. బాకీ తీరకుండానే పోతే ఊళ్లో ఉన్న పెళ్లాంబిడ్డల మీదికి వస్తారా? తిరుగు టికెట్ డబ్బు ఏ బ్యాంకులో డిపాజిట్ చేశారు? పైగా అంగారకుడి మీద రోజుకు 24 గంటల 39 నిమిషాలట. ఆ 39 నిమిషాలకు ఓటీ కట్టిస్తారా?