సఖి చేతికిచ్చిన సొమ్ము ఎవరిది?

2024 డిసెంబరు 9న పానిపట్టులో జీవిత బీమా సంస్థ వారి మహిళా ఏజెంట్ల పథకం బీమా సఖి అవతరించిన నాటి నుంచి ప్రకటనలలోనూ, శాఖా కార్యాలయాల ముందు కట్టిన ఫ్లెక్సీలలోనూ, సన్మాన సభలలోనూ వినవస్తున్న స్తోత్రాల ప్రకారం గ్రామీణ మహిళ ఇకపై ఆర్థిక భద్రతా ప్రదాత. చరిత్రలో మూడు యుద్ధాలకు పేరుపడిన ఆ చోటి నుంచే పిన్నమ్మలు, మేనత్తలు, తోటికోడళ్లు, పక్కింటి టీచరమ్మల మీదికి నాలుగో దండయాత్ర బయలుదేరడం కాకతాళీయమే కావచ్చు గాని, ముహూర్తం పెట్టినవారికి స్థలజ్ఞానం లేదనడానికి మాత్రం వీలులేదు.

పథకపు లెక్కలో ఒక అందం ఉంది. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయల భృతి లభిస్తుంది. తక్కిన వృత్తులలో అనుభవం పెరిగేకొద్దీ రాబడి పెరుగుతుండగా ఇక్కడ తగ్గుతుంది. ఇది జీతం కాదని, ఉద్యోగ నియామకం అసలే కాదని సంస్థ ముందుగానే చెప్పి ఉంచింది గనుక ఎవరూ నొచ్చుకోవడానికి ఆస్కారం లేదు. ప్రతిఫలంగా సఖి ఏడాదిలో 24 మంది చేత పాలసీలు కట్టించి, బోనస్ కాక 48,000 రూపాయల తొలి ఏడాది కమీషన్ తేవాలి. పదో తరగతి చదివి, మండల కేంద్రం దాటి పెద్దగా ఎరుగని స్త్రీకి నెలకు ఇద్దరు చొప్పున ఎక్కడ దొరుకుతారన్న సందేహం సంస్థకు రాలేదు, ఎందుకంటే శుభలేఖలు పంచిన జాబితా ప్రతి ఇంటి బీరువాలోనూ ఉంటుంది. అన్నట్టు, ఇప్పటికే ఏజెంటుగానో ఉద్యోగిగానో ఉన్నవారి దగ్గరి బంధువులు సఖి కావడానికి అనర్హులట. నియామకంలో బంధుత్వాన్ని ఇంత నిష్ఠగా వెలివేసిన సంస్థ అమ్మకానికి వచ్చేసరికి ఆ బంధుత్వాన్నే పెట్టుబడిగా లెక్కవేసుకోవడం గమనార్హం.

“వదినా, నీ పేరున ఒక్కటి రాయించుకో, ఈ నెల గట్టెక్కుతాను” అన్న అభ్యర్థనలో బీమా శాస్త్రం ఆవగింజంత కూడా లేదు. సంపాదించే మనిషి పోతే ఇంటికి ఎంత కావాలి, అప్పులెన్ని, పిల్లల వయసెంత అని లెక్కగట్టడాన్ని అవసరాల మదింపు అంటారు; గుమ్మం దగ్గర జరిగేది మొహమాటాల మదింపు. అందుకే అక్కడ అమ్ముడయ్యేది చాలావరకు ఎండోమెంట్ పాలసీ, అనగా గడువుదాకా బతికితే బోనస్‌తో కలిపి పొదుపు సొమ్మూ, మధ్యలో మరణిస్తే బీమా మొత్తమూ ఇచ్చే మిశ్రమ పాలసీ. ప్రీమియం ఎక్కువ, రక్షణ తక్కువ, కమీషన్ పుష్కలం. చట్టం దశాబ్దాల పాటు తొలి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా ఏజెంటుకు ఇవ్వడానికి అనుమతించింది. ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రక్షణ ఇచ్చే ప్రధానమంత్రి జీవన జ్యోతి బీమాను అమ్మడానికి మాత్రం ఎండలో నడిచి వచ్చి తలుపు తట్టినవారు కనిపించరు.

రెండో ఏడాది భృతికి మరొక మెలిక ఉంది. మొదటి ఏడాది చేయించిన పాలసీలలో కనీసం 65 శాతం అప్పటికీ అమలులో ఉండాలి. గడువు తేదీ దాటాక ఇచ్చే అదనపు రోజులలో, అంటే నెలవారీ ప్రీమియానికి 15, తక్కినవాటికి 30 రోజులలో, డబ్బు చెల్లించకపోతే పాలసీ నిలిచిపోతుంది; దానినే ల్యాప్స్ అంటారు. మొహమాటానికి రాయించుకున్న వదినగారు రెండో వాయిదాకు ముఖం చాటేస్తే సఖి ఏం చేయాలి? తన భృతి నిలుపుకోవడానికి తన భృతిలోంచే ఆమె ప్రీమియం కట్టాలి. అయితే 1938 నాటి బీమా చట్టంలోని 41వ సెక్షన్ పాలసీ తీసుకోవడానికో కొనసాగించడానికో ప్రీమియంలోగాని కమీషన్‌లోగాని వాటా ఇవ్వజూపడాన్ని, అంటే రిబేటును, 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడే నేరంగా నిషేధించింది. “మొదటి ప్రీమియం నేనే కట్టేస్తాలెండి” అన్న మాట మీదనే సగం వ్యాపారం నడిచే దేశంలో ఈ సెక్షన్‌కు ఇంకా అచ్చు ఖర్చు పెడుతున్నందుకు శాసనకర్తలను అభినందించాలి.

ఇదంతా నవ్వి ఊరుకోదగినదే. ఊరుకోరానిది ప్రీమియం వసూలు.

ఏజెంటు ఇంటికి వచ్చి డబ్బు పట్టుకుపోవడం తెలుగు పల్లెలలో తరాలుగా స్థిరపడిన ఏర్పాటు. మిర్చి అమ్మిన పూటనో, పాల డబ్బులు చేతికందిన పూటనో ఇచ్చివేయకపోతే అవి ఇంటి ఖర్చులో కరిగిపోతాయని తెలిసిన ఇల్లాలు నోట్లు లెక్కపెట్టి ఇస్తుంది, ఏజెంటు చేతిసంచిలోని డైరీలో రాసుకుంటాడు, రసీదు తరువాత వస్తుంది. ఆ రసీదు మీద రెండు అరచేతుల నడుమ వెలిగే దీపం బొమ్మా, భక్తుల యోగక్షేమాలు తానే మోస్తానని భగవంతుడు పలికిన గీతావాక్యమూ ఉంటాయి. సంస్థ నిబంధనల దృష్టిలో మాత్రం డబ్బు చేతులు మారిన ఆ ఘట్టం అసలు జరగనే లేదు. 1972 నాటి ఏజెంట్ల నిబంధనలలో ఎనిమిదవది సంస్థ తరఫున డబ్బు వసూలు చేయడానికి గాని, సంస్థను ఏ విధంగానైనా కట్టుబడేలా చేయడానికి గాని ఏజెంటుకు అధికారం లేదని చెప్పింది. ప్రత్యేకంగా అనుమతి పొందినవారు మాత్రమే దీనికి మినహాయింపు.

ఈ నిబంధన ఫలితం ఏమిటో 1997లో సుప్రీంకోర్టు ముందు తేలింది. ఒక పాలసీదారుడు 1987 జూన్‌లో తన ఏజెంటుకు ప్రీమియం కింద బేరర్ చెక్కు, అంటే తెచ్చిన మనిషికి బ్యాంకు డబ్బు చెల్లించే చెక్కు, ఇచ్చాడు. ఏజెంటు మర్నాడే దానిని సొమ్ము చేసుకున్నాడు. ఆగస్టు 9న పాలసీదారుడు ప్రమాదంలో మరణించాడు. ఏజెంటు ఆ ప్రీమియాన్ని సంస్థకు కట్టింది ఆగస్టు 10న. రెండు నెలల పాటు ఎవరి దగ్గర ఉన్నా మనిషి మరణించిన మర్నాడే గుర్తుకొచ్చిన ఆ సొమ్ము గురించి వివాదం అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. లోకం ఏజెంటును సంస్థ ప్రతినిధిగానే చూస్తుంది గనుక, పైకి కనిపించే ఆ అధికారమే సంస్థను బంధిస్తుందన్న వాదన అక్కడ నిలవలేదు. ఏజెంటుకు ఇచ్చిన డబ్బు సంస్థకు ఇచ్చినట్టు కాదు, పాలసీ అప్పటికే ల్యాప్స్ అయింది, బీమా మొత్తం చెల్లించనక్కరలేదు అని తీర్పు వచ్చింది.

న్యాయస్థానం చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివింది. తప్పు అక్కడ లేదు. కౌంటరు దగ్గర ఒక్కో ఏజెంటు పదుల కొద్దీ పాలసీల నగదు ఒక్కసారే కడుతుంటే, ఇదెవరి డబ్బు, నీ చేతికెలా వచ్చిందని దశాబ్దాల తరబడి అడగకుండా పుచ్చుకుని, ఆ వసూళ్లను చూపించే లక్ష్యాలు సాధించామని సంబరాలు చేసుకుని, అదే ఏజెంటును ఎక్కువ వ్యాపారం తెచ్చినవారి క్లబ్ సభ్యుడిగా వేదికెక్కించి శాలువా కప్పి, ఒక ఇంట్లో మనిషి పోయిన రోజున మాత్రం అతడికి వసూలు చేసే అధికారమే లేదని నిబంధనల పుస్తకం తెరవడం దగా. దీనికి మర్యాదైన పేరు వెతకడం అనవసరం. ప్రీమియం వచ్చేటప్పుడు ఏజెంటు సంస్థ మనిషి. మరణం వచ్చేటప్పుడు పాలసీదారుడి మనిషి. ఆ ఇల్లాలు నిబంధనలు చదివి ఉండవలసిందని అనేవారు ఉంటారు. పాలసీ పత్రం ఇంగ్లీషులో ఇచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తుపెట్టి ఇచ్చేవారికి ఈ మాట అనే హక్కు లేదు.

‘ప్రీమియం పాయింట్’ పేరిట ఎంపిక చేసిన కొందరు ఏజెంట్లకు డబ్బు తీసుకుని అక్కడికక్కడే రసీదు ఇచ్చే అధికారం తరువాతి కాలంలో వచ్చింది. సంస్థ తలచుకుంటే చేయగలదనడానికి ఇదే సాక్ష్యం. గుమ్మం గుమ్మం ఎక్కడమే పనిగా తయారుచేస్తున్న లక్షల సఖులకు ఆ అధికారం మొదటి రోజే ఇవ్వాలన్న ఆలోచన స్తోత్రపాఠాలలో ఎక్కడా వినిపించదు. డబ్బంతా ఇప్పుడు ఫోనులోనే కదా అన్నది నగరవాసుల సమాధానం. ఫోనులోనైనా వదినగారు పంపేది సఖి నంబరుకే.

గుమ్మం ఎక్కకుండా బీమా నడవదన్నది కూడా నిజం కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న రైతు బీమాలో ప్రీమియం ప్రభుత్వమే కట్టింది, 5 లక్షల రూపాయలు ఇదే జీవిత బీమా సంస్థ చెల్లించింది, మధ్యలో కమీషన్ లేదు, మొహమాటం లేదు.

2047 నాటికి అందరికీ బీమా అని లక్ష్యం పెట్టుకున్న నియంత్రణ సంస్థ హైదరాబాదులోని నానక్‌రామ్‌గూడలోనే కొలువై ఉంది. తెలుగు అచ్చు వేయించడానికి దూరం వెళ్లనక్కరలేదు. రసీదు ఇచ్చే అధికారం లేని ఏజెంటు గాని సఖి గాని తెచ్చే ప్రతి దరఖాస్తు మొదటి పేజీలో, దీపం బొమ్మకు సరిగ్గా కింద, బొమ్మంత పెద్ద అక్షరాలలో ఒకే ఒక వాక్యం వేయించమని ఆదేశిస్తే చాలు: ఇది తెచ్చిన మనిషికి ఇచ్చిన డబ్బు సంస్థకు ఇచ్చినట్టు కాదు. ఆ కాగితం చేతపట్టుకుని నెలకు ఇద్దరి చేత సంతకం చేయించమని సఖిని పంపే ధైర్యం సంస్థకు ఉందా, లేక రసీదు పుస్తకమే ఆమె చేతికివ్వడం చవకా అన్నది అప్పుడు లెక్కలవారే తేల్చుకుంటారు.