బెలుం పాతాళగంగ చెప్పుకున్న కథ

నంద్యాల జిల్లా బెలుం గుహల్లో మెట్లు దిగి, వంగి, ఇరుకు సందుల్లో పక్కకు తిరిగి, చెమటతో తడిసి ముద్దయి అట్టడుగుకు చేరినవాళ్లకు సన్నటి నీటి పాయ ఒకటి కనిపిస్తుంది. అదే పాతాళగంగ. ద్వారం దగ్గరి మట్టం నుంచి 46 మీటర్ల లోతు. "ఇంతేనా?" అని కొందరు పైకే అనేస్తారు. పాతాళగంగకు తన కథ తానే చెప్పుకోవాలనిపించేది సరిగ్గా అప్పుడే. వాళ్లు ఇంతసేపూ ఫొటోలు తీసుకుంటూ వచ్చిన సొరంగాలు, గదులు, గోపురాల్లాంటి పైకప్పులు అన్నీ నీళ్లు చేసినవే. ఆ సంగతి ఆమె చెప్పకపోతే రాళ్లు చెప్పవు.

ఆమె తన పుట్టుకను వానతో మొదలుపెడుతుంది. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుంటుంది. నేలలో ఇంకేటప్పుడు, వేళ్లూ కుళ్లిన ఆకులూ ఉన్న మట్టిలో ఇంకా ఎక్కువ కలుపుకుంటుంది. అలా నీటికి కాస్త పులుపు వస్తుంది. నాలుకకు తెలియనంత పులుపు, సున్నపురాయికి మాత్రం తెలుస్తుంది. ఈ ప్రాంతమంతా ఒకప్పుడు సముద్రం. దాని అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపు బురదే గట్టిపడి రాయైంది. బేతంచెర్ల, తాడిపత్రి నుంచి లారీలకెక్కి తెలుగునాట ఇళ్లలో నేలన పరుచుకునే నాపరాళ్లూ సున్నపురాళ్లే. ఆ రాతిలో వెంట్రుకవాసి పగులు దొరికితే చాలు, నీరు దూరుతుంది. అంచులు కరిగిస్తూ పోతుంది. లక్షల ఏళ్లకు ఆ పగులులో మనిషి నిలబడి నడుస్తాడు.

అప్పట్లో తాను పాయ కాదని పాతాళగంగ గట్టిగా చెబుతుంది. సొరంగం నిండా, పైకప్పు తగిలేలా నీళ్లుండేవి. బెలుంలో నేలతో పాటు పైకప్పు కూడా నున్నగా అరిగి ఉండటానికి కారణం అదే. భూగర్భ జలమట్టం దిగిపోయేకొద్దీ నీరు ఒక్కో అంతస్తూ ఖాళీ చేసి కిందికి జారింది. ఖాళీ అయిన ఇళ్లే ఇవాళ్టి గుహలు. కొలతకు అందినవి 3,229 మీటర్లు, భారత ఉపఖండంలో జనం వెళ్లి చూడగలిగిన గుహల్లో ఇవి చాలా పెద్దవి. జనం తిరగడానికి వీలు చేసింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే.

సున్నపురాయి గుహ గోడను టార్చి లైటు పక్కవాటుగా వేసి చూడమంటుంది ఆమె. వరసగా చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి. ప్రతి గుంటకూ ఒక అంచు నిటారుగా, రెండోది వాలుగా ఉంటుంది. నిటారుగా ఉన్న వైపు నుంచే నీరు వచ్చిందన్నమాట. గుంటలు చిన్నవైతే ప్రవాహం వడిగా సాగింది, పెద్దవైతే నెమ్మదిగా. నీరు ఎప్పుడో వెళ్లిపోయినా అది ఏ దిక్కుకు, ఎంత వేగంగా పోయిందో గోడ మీద చదువుకోవచ్చు. ఇంత నమ్మకంగా దాచిన దస్తావేజు మరే నదికీ లేదని ఆమె గర్వం.

కోటిలింగాలు, ఊడలమర్రి అని పేర్లు పెట్టుకున్న చోట్ల పని తీరు వేరు. అక్కడ నీరు కరిగించదు, కడుతుంది. పైకప్పు నుంచి వేలాడే చుక్క గుహ గాలికి తగలగానే తనలోని వాయువును వదిలేస్తుంది. అంతవరకూ మోసుకొచ్చిన సున్నాన్ని ఇక మోయలేదు. చుక్క అంచు చుట్టూ ఒక ఉంగరంలా దాన్ని వదిలి కింద పడుతుంది. తర్వాతి చుక్క ఆ ఉంగరం కింద ఇంకో ఉంగరం పెడుతుంది. అలా బోలుగా, చుక్కంత లావున ఒక గొట్టం దిగుతుంది. దాని లోపలి దారి పూడుకుపోతే నీరు బయటి నుంచి జారి, అది ఊడలా లావెక్కుతుంది. వేలు పొడవు పెరగడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది.

మనుషుల సంగతి అడిగితే ఆమె కథ వేగం పెరుగుతుంది. బౌద్ధ, జైన సన్యాసులు ఇక్కడ ఉండేవారంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహలను నమోదు చేశాడు. తర్వాత దాదాపు వందేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1980ల మొదట్లో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి లోపలంతా కొలిచి పటం గీసింది. అప్పటికీ ఈ గుహల్లోకి చెత్త పోస్తూనే ఉన్నారు. 1988లో ప్రభుత్వం రక్షిత ప్రాంతంగా ప్రకటించాకే అది ఆగింది. 1999లో పర్యాటక సంస్థ చేతికి వచ్చింది, దారి వేశారు, దీపాలు పెట్టారు, లోపలికి గాలి పంపే ఏర్పాటు చేశారు. 2002లో జనానికి తెరిచారు. ఆ చెత్త ఎత్తి పారేయడానికి చెయ్యి వేసిన ఊరివాళ్లంటే ఆమెకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

సప్తస్వరాల గుహ దగ్గర మాత్రం ఆమె బతిమాలుతుంది. అక్కడి రాతి ఊడలను తడితే లోహంలా మోగుతాయి. మోగుతాయి కదా అని ప్రతివాళ్లూ కొడితే, ముట్టుకుంటే? చేతి జిడ్డు అంటిన చోట సున్నం సరిగా పట్టదు, రంగు మారుతుంది. విరిగిన ముక్కను మళ్లీ కట్టడం ఏ శిల్పి వల్లా కాదు. రంగు దీపాలు కూడా అవసరమైనంత సేపే వెలగాలి. చీకటే తెలిసిన రాతి మీద వెలుతురు నిలిస్తే నాచు పడుతుంది.

పైనున్న నేల కూడా తన కథలో భాగమేనంటుంది పాతాళగంగ. మామూలు నేలలో ఇంకే నీటిని మట్టి, ఇసుక వడగడతాయి. సున్నపురాతి నేలలో పగుళ్ల గుండా నీరు నేరుగా దిగిపోతుంది. పైన పోసిన మురుగు, చల్లిన మందు అదే దారిలో కిందికి, అక్కడి నుంచి ఎవరి బావిలోకో చేరతాయి. ఆమె ఆగ్నేయం నుంచి వాయవ్యానికి పారి, రాళ్లలో మాయమవుతుంది. రెండు కిలోమీటర్ల దూరంలోని బెలుం ఊరి బావిలో తేలుతుందని అక్కడివాళ్ల నమ్మకం. ఇలాంటి నమ్మకాలను తేల్చడానికి గుహల పరిశోధకులు ఒక పద్ధతి వాడతారు: మాయమయ్యే చోట హాని చేయని ఆకుపచ్చ రంగు కలిపి, బావుల్లో, ఊటల్లో ఎక్కడ తేలుతుందో చూస్తారు. ఎవరైనా ఆ రంగు సీసా పట్టుకుని మెట్లు దిగివస్తే, దారి చూపించడానికి పాతాళగంగ సిద్ధంగా ఉంది.